వాజుల్లో నీళ్ళు

నాన్నకి నీళ్ళు నేనే కొలిచేదాన్ని.

పొద్దున్నే ఒక చిన్న సీసా నింపి మంచం పక్కన కిటికీలో పెట్టేదాన్ని. మాత్రలకీ, టీకీ, గొంతు తడుపుకోడానికీ మర్నాడు పొద్దుటిదాకా అదే. కిడ్నీలు పాడైన మనిషి తాగిన నీళ్ళు బయటికి పోవు. ముందు కాళ్ళలోకి దిగుతాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. వారానికి రెండుసార్లు టెక్కలి డయాలసిస్ సెంటరుకి తీసుకెళ్తే అక్కడ మిషను మీద పడుకోబెట్టి వాటిని తోడేవారు. మధ్యలో ఎక్కువ తాగితే మిషను దాకా రావడమే కష్టమని డాక్టరు చెప్పాడు. అది విన్నాక అమ్మ, "ఆ సీసా నా సేత్తో నింపలేనే షాలినీ" అంది. నేను నింపుతానన్నాను. నాకు కోపం ముందు పుట్టి, తర్వాత నేను పుట్టానని అమ్మ అందరికీ చెబుతుంది. అలాంటి పనికి నాలాంటిదాన్నే పెట్టాలి.

మాది నౌపడ. నాన్న కృపానిధి వయసంతా ఉప్పుమడుల్లోనే గడిచింది. ఎండలో నిలబడి ఉప్పు లాగే పని. ఆ పనిలో ఆయన వెంట ఎప్పుడూ ఒక నీళ్ళ క్యాను ఉండేది. దానికి గోనెపట్టా కప్పి, పైన గోగునార తాడు సందు లేకుండా చుట్టుకున్నాడు. దాన్ని తడిపి నీడలో పెడితే ఎంత ఎండలోనూ లోపల నీళ్ళు చల్లగా ఉండేవి. జబ్బుచేసి పని మానేశాక ఆ క్యాను మా వెనక వసారాలో మేకుకి వేలాడుతూ ఉండిపోయింది.

ఆ నార చుట్టే పద్ధతే తర్వాత అమ్మ చేసే పూల వాజులకి పనికొచ్చింది.

ఈస్టరు తెల్లవారుజామున మా చర్చివాళ్ళందరం సమాధుల తోటకి వెళ్తాం. సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పూలు పెడతాం. ఆ పూలు పెట్టే వాజులు అమ్మ చేస్తుంది. బజార్లో కొన్న వాజు అక్కడ పెడితే మర్నాటికి ఉండదు. అమ్మ చేసినవాటి జోలికి ఎవరూ రారు, ఎందుకంటే అవి ఎవరివో ఊరందరికీ తెలుసు. పోయిన మనిషి వాడిన సామానుతోనే అమ్మ ఆ మనిషి వాజు చేస్తుంది. ఒకరి పౌడరు డబ్బా, ఇంకొకరి ఫ్లాస్కు, ఎవరో ముసలమ్మ తాంబూలం పెట్టె. పైన నార చుట్టి, పాత చీర అంచులు, పగిలిన గాజు ముక్కలు, భావనపాడు సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలు అతికిస్తుంది. ఖర్చల్లా ఫెవికాలుకీ, చిల్లులు పూడ్చే ఎంసీలు ముద్దకీ.

నాన్న మంచం పట్టిన ఏడాది మా చర్చి పెద్ద గిరిబాబు వాళ్ళ నాన్న కోసం ఒక మందుసీసా తెచ్చాడు. పేపర్లో చుట్టి, చంకలో దాచుకుని మరీ తెచ్చాడు.

"ఆయన రోజూ ముట్టుకున్న సామాను ఇదొక్కటే అప్పా. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు.

"ఇలాతే. మెడ కాణ్ణుంచి అడుగు దాకా చుట్టీస్తాను. దేవుడిక్కూడా తెల్దు" అంది అమ్మ.

నాన్న మంచం మీంచే పకపకా నవ్వాడు. అప్పటికి ఇంకా నవ్వేవాడు.

ఆ ఏడాది ఈస్టరుకి ముందు వచ్చే లెంటు దినాలు మొదలైన వారంలోనే ఎండలు ముదిరిపోయాయి. ఇంట్లో ఎక్కడ చూసినా సీసాలూ డబ్బాలూ. అమ్మ సోడాతో కడిగేది, నేను లేబుళ్ళు గీకేదాన్ని, నాన్న నార చుట్టేవాడు. ఉప్పు తిని గట్టిపడిపోయిన వేళ్ళు ఆయనవి. తాడు ముందు తడపాలి, ఆరేటప్పుడు అదే బిగుసుకుంటుంది అని మాకు చూపించింది నాన్నే. తడి తాడు చేత్తో పట్టుకున్నప్పుడు ఒక్కోసారి దాన్ని నుదిటికి ఆనించుకునేవాడు.

వాజు తయారయ్యాక ఆఖరి పని కారుతుందో లేదో చూడటం. అంచుకి కొంచెం కిందిదాకా నీళ్ళు పోసి, నీళ్ళున్న చోట లోపలివైపు మైనపు పెన్సిలుతో గీత గీసి, వెనక వసారాలో బల్ల మీద వరసగా పెట్టేవాళ్ళం. మర్నాడు నీళ్ళు గీత కింద ఉంటే అది కారుతున్నట్టు. దాన్ని ఎండబెట్టి, అడుగున ఎంసీలు రాసి, మళ్ళీ నింపి పెట్టాలి. సమాధి మీద పెట్టిన పూలు మధ్యాహ్నానికే వాడిపోతే పోయినవాళ్ళని పట్టించుకోలేదంటారు. అందుకని అమ్మ ఈ ఒక్క పనిలో ఎవరి మాటా వినేది కాదు.

సోములు మావయ్య పాత సామాన్లు కొంటాడు. బండికి కట్టిన మైకు 'పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు, పాడైపోయిన మిక్సీలు' అని అరుస్తూ వీధి మొదట్లో ఉండగానే మాకు తెలిసిపోయేది. ఒకప్పుడు నాన్నతో ఉప్పు లాగినవాడే. పోయినవాళ్ళ సామాను ఏమీ మిగలని ఇళ్ళ కోసం అమ్మ అతని సంచిలోంచే ఏరుకునేది. ఆ రోజు వస్తూనే మేకు మీది క్యాను చూశాడు.

"బావా, ఆ క్యాను ఊరికే ఏలాడతన్నాది. నాకిచ్చీ రాదా?"

"అది ఇవ్వన్రా సోములూ. అది నా వాజు" అన్నాడు నాన్న. అమ్మ వైపు తిరిగి, "లీలా, దానికి కొత్తగా ఏటీ సుట్టక్కర్లేదు. మూతి కోసీ, నాలుగు గవ్వలంటించీ. నీకూ పని తగ్గుతాది" అన్నాడు.

అమ్మ చేతిలో ఉన్న డబ్బా బల్ల మీద ఠపీమని పెట్టింది.

"బతికున్న మనిసి సామాను నేను ముట్టుకోను మావా. ఇంకోపాలి ఆ మాటన్నావంటే ఈటన్నిటినీ సోములు సంచిలో పోసీసి పడుకుంటాను."

"ఎందుకప్పా అంత కోపం, యేలాకోలానికన్నాడు" అన్నాడు సోములు మావయ్య. అతను వెళ్ళేటప్పుడు మాత్రం మైకు వెయ్యలేదు.

ఆ తర్వాత వారం టెక్కలిలో నాన్నని కాటా ఎక్కించిన నర్సు ఝాన్సీ ముల్లు చూసి నా మొహం చూసింది.

"ఇదేటి బాబాయ్, ఇంత బరువొచ్చినావు? నీల్లు ఎవరిస్తన్నారు?"

నాన్న నేల చూశాడు. "ఎవలూ ఇవ్వట్లేదమ్మా" అన్నాడు.

"మరి గాల్లోంచొచ్చినాయా? సూడు కాల్లు, ఏలు పెడితే గుంట పడతన్నాది. ఇలాగైతే గుండె ఆగిపోతాది షాలినీ, నీకు సెప్పక్కర్లేదు."

సెంటరులో అందరి ముందూ నాకు తలకొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అమ్మ మీద పడ్డాను. అమ్మ బైబిలు మీద చెయ్యేసి, తానివ్వలేదంది. పక్కింటి భారతి పిన్నిని అడిగితే, ఆవిడ ఏడ్చినంత పని చేసింది. నేను తాగునీళ్ళ కుండ వంటింట్లోకి మార్చి తాళం వేశాను. స్నానాలగదిలో బకెట్టు తీసేశాను. నాన్న లోపలికి వెళ్తే తలుపు బయట నిలబడేదాన్ని. కన్నతండ్రికి కాపలా కాయడం ఎంత నీచంగా ఉంటుందో కాసినవాళ్ళకే తెలుస్తుంది. అయినా మానలేదు. ఆయన బతకాలి, నాకు అంతకన్నా వేరే ఏమీ తెలియదు.

అయినా తర్వాతిసారి కూడా బరువు తగ్గలేదు. నాన్న మెట్లెక్కలేక సెంటరు గుమ్మంలోనే కూలబడిపోయాడు.

ఇంట్లో ఇంకో బెడద. వాజులు కారడం మొదలుపెట్టాయి. ఒకటీ అరా అయితే మామూలే. ఆ ఏడాది ఏది చూసినా నీళ్ళు గీత కిందే. అమ్మ ఎంసీలు మీద ఎంసీలు రాసింది. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని బజారుకి వెళ్ళి వాడితో పోట్లాడి వచ్చింది. మళ్ళీ నింపింది. మళ్ళీ తగ్గాయి. ఈస్టరు దగ్గర పడుతోంది, గిరిబాబు మందుసీసాతో సహా సగం వాజులు బల్ల మీదే ఉండిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ ఒక హార్లిక్సు సీసా తలకిందులుగా పట్టుకుని, అడుగున రాయడానికి ఎంసీలు ముద్ద పిసుకుతోంది. పిసికిన ముద్ద వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"ఇది గాజుసీసా కదే" అంది.

"అయితే ఏటి?"

"పగల్లేదు. బీట్లేదు. ఎలాగ కారతాది?"

  అమ్మ ఆ సీసాని మళ్ళీ నింపి, గీత గీసి, బల్ల చివర పెట్టింది. "చర్చిలో ఆడోళ్ళ ప్రార్థన కాడికి ఎల్లొస్తాం మావా" అని నాన్నతో గట్టిగా చెప్పి, నన్ను వీధిలోకి తీసుకెళ్ళి, సందు తిరిగి పెరటి తలుపు దగ్గరికి తీసుకొచ్చింది.

నాన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. హార్లిక్సు సీసా వాజుని రెండు చేతులతో ఎత్తి తాగుతున్నాడు. గటగటా కాదు. ఒక్కో గుక్కా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపటికి మింగేవాడు. మళ్ళీ గీత వైపు చూసేవాడు. కొంచెమే తగ్గాక ఆపేశాడు. భుజం మీది తువ్వాలుతో సీసా అంచు తుడిచి, గవ్వలున్న వైపు ముందుకొచ్చేలా తిప్పి, వరసలో ఉన్నచోటే పెట్టాడు. ఆ పక్కదాన్ని అందుకున్నాడు.

నేను తలుపు తోసెయ్యబోయాను. అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. ఫెవికాలు వాసన. నేను గింజుకున్నా ఆ చెయ్యి తియ్యలేదు. అలాగే వెనక్కి నడిపించుకుంటూ సందులోకి తెచ్చేసింది.

"సెప్పకు. సూసినామని తెలిస్తే సిగ్గుతో సచ్చిపోతాడు" అంది.

నిజంగానే చర్చికి వెళ్ళాం. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది గానీ పెదవులు కదపలేదు. నాకు నాన్న మీద, దేవుడి మీద, ఆ దిక్కుమాలిన సీసాల మీద కోపం. ఎవరి మీద చూపించినా ఉపయోగం లేని కోపం.

మర్నాటి నుంచి అమ్మ వాజుల్లో నీళ్ళు నింపడం మానేసింది. మూతులకి గట్టిగా గుడ్డ కట్టి, పెరట్లో టబ్బులో ముంచి, బుడగలొస్తున్నాయేమో చూసేది. చూశాక టబ్బు నీళ్ళు వెంటనే కాకరపాదులో పారబోసేది. వసారాలో బల్ల మీద వాజుల వరస పొడిగా ఉంది.

  మూడోనాడు నాన్న నార చుడుతూ చుడుతూ, తలెత్తకుండా అడిగాడు.

"లీకు సూడ్డం మానీసినారేటి?"

"ఇప్పుడన్నీ బాగానే వస్తన్నాయి మావా" అంది అమ్మ.

"మంచిదే" అన్నాడు. ఆ తర్వాత తాడు తడపమని నాకు ఇచ్చేవాడు కాదు. పొడి తాడే చుట్టేవాడు. అది మర్నాటికి వదులైపోయేది, నేను మళ్ళీ విప్పి చుట్టేదాన్ని.

కాటా మీద బరువు తగ్గింది. ఝాన్సీ చప్పట్లు కొట్టింది. "శెభాష్ బాబాయ్! ఇలాగుండాల" అంది. నాన్న పిచ్చివాడిలా నవ్వాడు. నేను ఆటోలో వస్తూ ఎంత సంబరపడ్డానో. గెలిచామనుకున్నాను. నాన్న పెదాలు పగిలి నెత్తురు చిమ్ముతుంటే వెన్న రాశాను.

రెండు వారాలు తిరక్కుండా మిషను మీద ఉండగానే బీపీ పడిపోయి నాన్నకి స్పృహ తప్పింది. మళ్ళీ వెళ్ళినప్పుడూ అంతే అయింది. శ్రీకాకుళం తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు కుర్రవాడే గానీ నెమ్మదిగా మాట్లాడాడు. గుండె పూర్తిగా బలహీనపడిందన్నాడు. ఇంక మిషను మీద పెడితే అక్కడే పోతారు, ఇంటి దగ్గర ఉంచుకోండన్నాడు. నేను అడగాల్సినవన్నీ అడిగాను, వైజాగు, హైదరాబాదు, కిడ్నీ మార్చడం. అన్నిటికీ ఓపిగ్గా తల అడ్డంగా ఊపాడు.

అమ్మ ఒక్కటే అడిగింది. "మరి నీల్లండి?"

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఇస్తే ఆయాసం తొందరగా వస్తుందమ్మా. ఇవ్వకపోతే ఇంకో నాలుగు రోజులు ఎక్కువ ఉండొచ్చు. నేను చెప్పగలిగేది అంతే."

ఆ నాలుగు రోజులు నాకు కావాలి. ఇంటికొచ్చి సీసాలో నీళ్ళు ఇంకా తగ్గించాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు. నా చేతిలో ఉన్నది ఆ సీసా ఒక్కటే.

శుభ శుక్రవారం మా చర్చిలో సిలువ మీది ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట, దాహం మాట, ఏటా నాన్నదే. ఉప్పుమడుల్లో పనిచేసినవాడికి దాహం సంగతి తెలుసని ఎప్పుడో పాస్టరుగారు ఆయనకిచ్చారు. బాగా చెప్పేవాడు కూడా. మడిలో నిలబడితే చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదని మొదలుపెడితే, ముసలాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఆ ఏడాది వద్దన్నాం. వినలేదు. సోములు మావయ్యా నేనూ కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. సోములు మావయ్య చర్చి లోపలికి రావడం అదే మొదటిసారి, చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డాడు.

నాన్న వంతు వచ్చింది. గిరిబాబు మైకు నోటి దగ్గర పెట్టాడు. నాన్న నాలుక పెదాల మీద తిప్పుకున్నాడు. ఆ చప్పుడు మైకులో అందరికీ వినిపించింది.

"ఇన్నేల్లూ ఈ మాట గురించి నాను సెప్పినాను. నాకేటీ తెలీకుండానే సెప్పినాను" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. "అంతేనండి" అన్నాడు.

ఆడవాళ్ళ వైపు అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. చెంగు నోట్లో కుక్కుకుంది. ఆరో మాట, ఏడో మాట ఎవరు చెప్పారో ఏం చెప్పారో మా ఇద్దరికీ తెలియదు.

శనివారమంతా ఊరివాళ్ళు వచ్చి వాజులు పట్టుకెళ్ళారు. గిరిబాబు వాళ్ళ నాన్న వాజు అన్నిటిలోకీ బాగా కుదిరింది. సాయంత్రానికి బల్ల ఖాళీ అయింది. అమ్మ బల్ల తుడిచి, స్టూలు వేసుకుని, మేకు మీంచి నాన్న క్యాను దించింది.

కత్తెర కోసం చూస్తుందనుకున్నాను. "అమ్మా, వద్దు" అన్నాను.

అమ్మ కత్తెర ముట్టుకోలేదు. క్యానుని కుంకుడురసంతో లోపలంతా కడిగింది. నా జాకెట్టుకి పిన్నీసుతో పెట్టుకున్న వంటింటి తాళంచెవి తనే తీసుకుంది. కుండలో నీళ్ళు ముంచి క్యాను మూతి దాకా నింపింది. ఇన్నాళ్ళూ చిన్న సీసా నింపలేనన్న చెయ్యి అది. పైన నార మీద కూడా నీళ్ళు చిలకరించింది. నార నల్లబడింది, ఆ తడి వాసన ఇల్లంతా వచ్చింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"సచ్చిపోతాడమ్మా."

"తెలుసే" అంది. "లెగు."

లేచాను, అంటే పక్కకి తప్పుకున్నాను. కోపం ఎటు పోయిందో. దాని కోసం ఒళ్ళంతా వెతుక్కున్నాను, దొరకలేదు.

అమ్మ క్యానుని మంచం పక్కన, నాన్న చెయ్యి అందేచోట పెట్టింది. నాన్న దాన్ని చూశాడు, అమ్మని చూశాడు.

"మావా, ఇది కారతన్నాదేమో కాస్త సూడు. నాకు కల్లు ఆనట్లేదు" అంది అమ్మ.

"గీత గీసినావా?" అన్నాడు నాన్న.

"పెన్సిలు దొరకలేదు. నువ్వే సూసుకో."

నన్ను కూడా బయటికి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. మేం వసారాలో ఖాళీ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. లోపల మూత తిప్పిన చప్పుడైంది. ఆ తర్వాత గటగటా, ఆగకుండా. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

తెల్లవారుజామున సమాధుల తోటకి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎక్కడ చూసినా కొవ్వొత్తులు, అమ్మ వాజుల్లో బంతిపూలు, కనకాంబరాలు. అందరూ నాన్న ఎలా ఉన్నాడని అడిగారు. బాగానే ఉన్నాడన్నాను. ఏ వాజూ కారలేదు.

నేను తిరిగొచ్చేసరికి నాన్న దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి బరువుగా, ఈలలాగా వస్తోంది. కాళ్ళు పొంగిపోయాయి. మీసం తడిగా ఉంది. నన్ను చూసి, చాలా రోజుల తర్వాత, మామూలుగా నవ్వాడు. అమ్మ ఆయన వీపు రాస్తూ కూర్చుంది. క్యాను ఎత్తి చూశాను. తేలిగ్గా ఉంది.

"కారతన్నాదే అమ్మీ" అన్నాడు నాన్న, ఆయాసపడుతూ.

నేను అమ్మని చూశాను. అమ్మ తల తిప్పుకుంది.

"ఎంసీలు తేనా నాన్నా?" అన్నాను.

"వద్దే. అలాగుండనీ."

క్యాను తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. తలుపు తాళం వేసి లేదు. కుండలో చెయ్యిపెడితే నీళ్ళు చల్లగా తగిలాయి. ముంచి పోశాను, మళ్ళీ ముంచి పోశాను. ఆ రోజు కొలవలేదు.